రెండో అరలో రైఫిలు

ఏంటన్నయ్యగారూ, నేను లోపలికి అడుగు పెట్టానో లేదో ఆ కింది అరలోది తీసి బల్ల మీద పెట్టేశారు? రైఫిలు కావాలన్నాను గానీ చవకది కావాలన్నానా? ఈవిడకి ఇది చాల్లే అని నా మొహం మీద ఏమైనా రాసుందా?

తియ్యకండి, తియ్యకండి. పెట్టారుగా, ఉండనివ్వండి. చూస్తే అరిగిపోదుగా.

ఇదిగో లైసెన్సు. ఇదిగో క్లబ్బువాళ్ళిచ్చిన కాగితం. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, కావాలంటే తిరగేసి మరగేసి చూసుకోండి. ఎవర్నీ ఏమీ చెయ్యడానికి కాదు లెండి, అలా చూడకండి. అట్ట మీద చుక్కని కొట్టడానికే. యాభై మీటర్ల దూరంలో, బోర్లా పడుకుని, పద్ధతిగా. మీరందరూ చేసే పనే.

ఆఁ, గుర్తొచ్చానా ఇప్పుడు? కళ్ళజోడు పెట్టుకుంటే గానీ ఆనలేదన్నమాట. అవునండీ, నేనే. తుపాకీ కాల్చేటప్పుడు తొడుక్కునే షూటింగు జాకెట్లు కుట్టే ఆవిడని. కుట్టే అంటే, ఒకప్పుడు కుట్టేదాన్ని. ఇప్పుడు ప్యాంట్లకి జిప్పులు మారుస్తున్నాను, కర్టెన్లకి అంచులు మడుస్తున్నాను. ఎందుకో మీకు తెలుసు. తెలీదా? పోనీలెండి, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు బేరం చూద్దాం.

ఇదీ, ఈ కింది అరలోది, దీన్ని నేను తిట్టను. ఇలాంటి దానితోనే నేర్చుకున్నాను క్లబ్బులో. తేలిగ్గా ఉంటుంది, పడేసినా బతుకుతుంది, కొత్తగా నేర్చుకునే పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఈ బోల్టు వెనక్కి లాగండి. వినపడుతోందా గరగర? ఇక ట్రిగ్గరు సంగతి చెప్పనే అక్కర్లేదు, తలుపుకి తుప్పు పట్టిన గడియ తీస్తున్నట్టుంది. గురి అంతా కుదిరి, ఊపిరి బిగబట్టి, ఇక లాగుదామనుకునేసరికి మన చెయ్యే మన గురి చెడగొడుతుంది. బారెలు చూడండి, ఎంత సన్నం! నాలుగు తూటాలు పోగానే వేడెక్కి దారి మార్చుకుంటుంది. దీంతో డబ్బాలు కొట్టచ్చు. కప్పు కొట్టగలమా చెప్పండి?

నవ్వుతారేంటి? కప్పే అన్నాను. సరిగ్గానే విన్నారు.

క్లబ్బులో మీరు నన్ను చూసుండరు. మీరు ఆదివారం మనుషులు. నేను బుధవారం మధ్యాహ్నం మనిషిని. ఆ టైముకి ఎవరూ రారు. షాపుకి తాళం వేసి వెళ్ళి, క్లబ్బు తుపాకీ తీసుకుని, చాప పరుచుకుని పడుకుంటాను. మా ఆయన నవ్వుతాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి లెండి, రోజంతా పైకీ కిందకీ తిరిగొస్తాడు. “ఈ వయసులో నేల మీద బోర్లా పడుకోవడం నేర్చుకున్నావేంటే, ఉయ్యాల్లో పిల్లలు చేసే పని కదా అది” అంటాడు. అననివ్వండి.

మొన్నటి పోటీలో బోర్డు మీద మీ పేరు కింద ఒక పేరుంది చూశారా? సరిగ్గా మీ కిందే. ఇంటిపేరు ఒక్కటే రాస్తారు కదా, ఎవడో కొత్త కుర్రాడనుకుని ఉంటారు. నేనే. ఆ గరగరలాడే క్లబ్బు తుపాకీతోనే.

మంచినీళ్ళు తాగండి, నేనేం తొందరలో లేను.

సరే. ఇప్పుడా అద్దాల బీరువాలోది తియ్యండి. అదే, తాళం వేసి పెట్టారే, దీపం కూడా పెట్టారు లోపల. అబ్బ, తాళంచెవి చేతిలోకి రాగానే మొహం ఎలా వెలిగిపోయిందో చూడండి!

ఓయబ్బో. ఇది రైఫిలా, ఆస్పత్రి సామానా? కర్ర అన్నదే లేదు, అంతా అల్యూమినియమే. ఇక్కడో మర, అక్కడో మర. చెంప ఆనించే చోటు పైకి లేస్తుంది, భుజానికి ఆనేది ముందుకీ వెనక్కీ జరుగుతుంది, చెయ్యి పట్టే చోటు పక్కకి తిరుగుతుంది. ఏదీ, ట్రిగ్గరు. అమ్మో. వేలు పెట్టానో లేదో... బాగుంది. బాగుంటే బాగుందనే అంటాను, నాకేం. బోల్టు వెన్నలో చాకులా పోతోంది.

ధర? ఆ ధరకి మా ఆయన వ్యాను లాంటివి రెండొస్తాయి, డ్రైవరుతో సహా.

కాదు, కొనలేనని కాదు. మా అమ్మ ఇచ్చిన స్థలం అమ్మి పెట్టుకున్నాను. మీరడిగే డబ్బు నా దగ్గరుంది. మీకు చెప్పకూడదు గానీ చెప్పేస్తున్నాను, ఉంది. ఇప్పుడు చెప్పండి, మీరు ఈ ఊళ్ళో ప్రతివాడికీ చెప్పే మాట నాకూ చెప్పండి. “ఇది లేనిదే గెలవలేరు” అనే మాట. ఆ మాట పట్టుకునేగా బ్యాంకులో పనిచేసే పొడుగాయన బండి అమ్ముకున్నాడు? పాపం, ఇప్పుడు బస్సులో వస్తున్నాడు, ఇంత పొడుగు పెట్టె ఒళ్ళో పెట్టుకుని. కండక్టరు రోజూ అడుగుతాడట, సన్నాయి వాయిస్తారా అని.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. మీరు అబద్ధాలు చెప్తారేమో గానీ తుపాకుల గురించి చెప్పరు, అది నాకు తెలుసు. ఈ ధరలో గుండు నేరుగా పోవడానికి ఎంత? మన ఒంటికి కుదరడానికి ఎంత?

ఊఁ.

ఊఁ, చెప్పండి, వింటున్నాను.

చూశారా, నోరు తెరిస్తే నిజమే వచ్చింది. బారెలు, ట్రిగ్గరు, ఈ రెండే గురికి. మిగతా మరలన్నీ మనిషికి కుదరడానికి. మరి కుదర్చడం నాకొదిలెయ్యండి అన్నయ్యగారూ! మనిషి ఒంటికి వస్తువు కుదర్చడం తప్ప జన్మలో నేను ఇంకేం పని చేశాను? ఒక భుజం వంగినవాళ్ళకి, మెడ పొట్టివాళ్ళకి, పొట్ట ముందుకొచ్చినవాళ్ళకి, మీతో సహా, ఎవరికి కుదర్చలేదు? అల్యూమినియాన్ని మరలతో తిప్పుకోవాలి. కర్ర అయితే ఆకురాయి పెట్టి రుద్దచ్చు, తోలు అతకచ్చు, చెంప కింద ఫెల్టు ముక్క వెయ్యచ్చు.

అందుకని, ఆ రెండో అరలోది ఇవ్వండి.

అదేనండీ. దుమ్ము పట్టిన బరువు బారెలుది, కర్రది. ఈ చవకదానికీ ఆ బీరువా రాణిగారికీ మధ్యలో పడి ఎవరికీ పట్టకుండా ఉందే, అదే. “ముసలాళ్ళు కొంటారమ్మా” అంటారేంటి? నేనేమైనా పడుచుపిల్లనా?

ఆహా. బరువుంది. మంచిదే, పడుకుని కాల్చేదానికి బరువే కావాలి. బారెలు నా మణికట్టంత ఉంది. ట్రిగ్గరుకి ఇక్కడో చిన్న మర ఉంది కదూ, తేలిక చేసుకోవడానికి? ఉంది. బోల్టు కొంచెం బిగువు, అరిగితే అదే దారిలో పడుతుంది. ఈ కర్రని బారెలుకి పట్టి ఉంచే మరలు రెండూ సమానంగా బిగించాలి, అవునా? ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయిందంటే ఎంత మంచి బారెలైనా వంకర తిరుగుతుంది. నా ముందే బిగించండి. నమ్మకం లేక కాదు. అంటే, నమ్మకం లేకే.

పదండి వెనక్కి, ఆ సొరంగం గదిలోకి. కొనేముందు కాల్చి చూపిస్తారని మీ బోర్డు మీదే రాసుందిగా. చేత్తో వద్దు. మీ చెయ్యి మంచిదైతే తుపాకీకి పేరొస్తుంది, నా చెయ్యి చెడ్డదైతే తుపాకీకి చెడ్డపేరొస్తుంది. రెండిట్నీ ఆ ఇనప పట్టులో బిగించి కాల్చండి. రాణిగారినీ, ఈ ముసలమ్మనీ. ఒక్కో రకం తూటాలు ఐదేసి.

ఈ చిన్న తూటాల పెంకితనం మీరే కదా చెప్పారు, క్లబ్బు పుట్టినరోజు సభలో మైకు పట్టుకుని? వెనక మధ్యలో కాదు, అంచు మీద దెబ్బ పడితే పేలే రకం ఇవి. అంచులో మందు ఏ మాత్రం తేడాగా పరుచుకున్నా గుండు దారి తప్పుతుంది. ఒకే కంపెనీ, ఒకే పెట్టె, ఒకే బొమ్మ, కానీ తయారైన విడత మారిందంటే గురి మారిపోతుంది. ఏ బారెలుకి ఏ విడత నచ్చుతుందో దానికే తెలుసు. అందుకని వెతుక్కోవాలి అన్నారు. నేను ఆఖరి వరసలో కూర్చుని విన్నాను. మీ మాటలు బాగా వింటాను నేను. పగవాడి మాటలు విన్నంత శ్రద్ధగా ఇంకెవరి మాటలూ వినం కదండీ.

ఏమన్నానా? ఏమీ అనలేదు. కాల్చండి.

ఈ పెట్టె బాగాలేదు. రెండూ చెదరగొట్టాయి. ఇది కొంచెం నయం, రాణిగారు బాగానే పెట్టింది. ఇప్పుడు ఆ బల్ల కింద పెట్టుకున్నది తియ్యండి.

బల్ల కింద ఏమీ లేదా? అన్నయ్యగారూ! ఊరంతా తెలిసిన సంగతి నా దగ్గర దాస్తారేంటి? మంచి విడత వచ్చినప్పుడల్లా మీ కోసం కొన్ని పెట్టెలు పక్కన పెట్టుకుంటారు, మిగతావి మాకు అమ్ముతారు. తప్పని అనట్లేదు, మీ షాపు, మీ ఇష్టం. ఒక్క ఐదు నాకివ్వండి.

ఇదిగో. ఇప్పుడు చూడండి ఈ రెండు అట్టలూ. కళ్ళజోడు పెట్టుకుని చూడండి. రాణిగారు పెట్టిన ఐదు చిల్లులూ కలిపి కోటు గుండీ అంత ఉన్నాయి. ముసలమ్మవి? చొక్కా గుండీతో కప్పెయ్యచ్చు. గుండీల సంగతి నాకు వదిలెయ్యండి, వాటిలో నేను పొరపడను.

అవును, తెలుసు. రాణిగారికి ఇంకో విడత దొరికితే ఆవిడా ఇంతే పెడుతుంది. ఇంకా బాగా కూడా పెట్టచ్చు. నేను కాదనట్లేదు. కానీ ఇంత తేడా ధరకి ఇంత తేడా గురి ఉందా అని అడుగుతున్నాను. లేదు కదా.

సరే, ఇదే తీసుకుంటాను. ఆ తూటాల్లో ఓ పది పెట్టెలు కూడా. ఆఁ, ఆ బల్ల కిందవే.

ఎందుకు అలా చూస్తున్నారు? డబ్బుండి కూడా ఈవిడ మధ్యరకం ఎందుకు కొంటోంది అనా? ఇప్పుడు చెప్తాను. కూర్చోండి. మీ షాపులో మిమ్మల్ని కూర్చోమంటున్నాను, నా పొగరు చూడండి.

నాలుగేళ్ళ కిందట, చలికాలం పొద్దున్న. క్లబ్బులో ఆ రాతిగోడల గది. పిల్లల పోటీ. బట్టలూ సామాన్లూ తనిఖీ చేసే పెద్దమనిషి మీరు. మా చిన్నది జాకెట్టు చేత్తో పట్టుకుని వరసలో అందరికన్నా ముందు నిలబడింది. ఎప్పుడూ ముందే నిలబడేది అది, దేనికైనా. నేను కుట్టిన జాకెట్టు. మొత్తం నేను కుట్టిన వాటిల్లో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. ఆ భుజం మడత కోసం మూడుసార్లు విప్పి కుట్టాను.

మేము బస్సులో వచ్చాం. కిటికీకి అద్దం లేదు. జాకెట్టు మంచుగడ్డలా ఉంది. కాన్వాసూ తోలూ కలిపి కుట్టింది కదండీ, చలికి బిగుసుకుంటుంది. ఎవరు కుట్టినా అంతే, మీరు తెప్పించి అమ్మేవైనా అంతే.

మీరు ఆ కొలిచే గొట్టం మీద జాకెట్టు గుడ్డ పరిచారు, పైన బరువు పెట్టారు, ఎంత వంగుతుందో చూశారు. వంగలేదు. జాకెట్టు మరీ గట్టిగా ఉంటే మనిషిని కదలకుండా పట్టి ఉంచుతుంది, అది మోసం కిందకొస్తుంది. రూలు మంచిదే, నేను ఒప్పుకుంటాను. వంగలేదు, తీసెయ్యండి అంటే ఊరుకునేదాన్ని. మీరేమన్నారు?

“లోపల ఇంకో పొర పెట్టి కుట్టారు. తల్లే మోసం నేర్పితే పిల్ల ఏం చేస్తుంది?” అన్నారు. గది నిండా జనం. నా దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్ళే సగం మంది.

తర్వాత జేబులోంచి చాకు తీశారు.

గుర్తుందా? ఆ చాకు? నా కుట్టు కోశారండీ మీరు. చంక కింద పెట్టి నడుం దాకా ఒక్క గీతలా కోశారు. నేను “ఆగండి, నేను విప్పి చూపిస్తాను” అంటూనే ఉన్నాను. విన్నారా? లోపల వెతికారు, వేళ్ళు పెట్టి. ఏముంది? ఏమీ లేదు. నేను చెప్పినట్టే రెండు పొరలు, మధ్యలో గాలి. అప్పుడైనా “ఏమీ లేదు” అని ఒక్క మాట పైకి అన్నారా? దాన్ని మా చిన్నదాని చేతుల్లో పడేసి “నెక్స్ట్” అన్నారు.

నెక్స్ట్!

ఆ నెల నుంచి నా దగ్గరికి జాకెట్టు అని ఒక్కరు రాలేదు. వచ్చినా జిప్పు చెడిందనో, గుండీ ఊడిందనో. అందరూ మీ దగ్గర కొనుక్కున్నారు. నేను తల కొట్టేసినట్టు అయిపోయి కొన్నాళ్ళు బజారుకి కూడా వెళ్ళలేదు. అప్పటికి నాకు మీ మీద కోపం లేదు, తెలుసా? నిజంగా నేనే ఎక్కడో పొరపాటు చేశాననుకున్నాను. గుడ్డ ఎంచుకోవడంలో తప్పిందేమో, దారం మందమైందేమో అని, ఆ చిరిగిన జాకెట్టుని ఎన్నిసార్లు ముందేసుకుని కూర్చున్నానో.

రెండు నెలలు తిరక్కుండానే మీ పొడుగాయన వచ్చాడు. బ్యాంకాయన. మీ దగ్గర కొన్న జాకెట్టుకి చేతులు పొట్టిగా ఉన్నాయట, పొడిగించమని. నేను కింద కూర్చుని నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు పెడుతున్నాను. పైనుంచి ఏదో కబుర్లు చెప్తున్నాడు. అమాయకుడు, ఎవరితో ఏం చెప్పాలో తెలీదు. “షాపాయన మంచివాడండీ, తనిఖీకి ముందు జాకెట్టు హీటరు పక్కన కుర్చీ మీద కాసేపు వేసి తెమ్మంటాడు, మెత్తబడుతుంది, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఏ జాకెట్టూ పాసవదు అని ముందే చెప్తాడు” అన్నాడు.

సూదులు నోట్లో ఉన్నాయి కాబట్టి నేనేమీ అనలేదు. లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలీదు.

మా చిన్నదాని జాకెట్టు కోసినప్పుడు ఆ మూల హీటరుంది. దాని చుట్టూ కుర్చీలున్నాయి. కుర్చీల మీద జాకెట్లున్నాయి. అన్నీ మీ షాపువే. నా కళ్ళతో చూశాను, కానీ ఎవరో ఆరేసుకున్నారనుకున్నాను! పిచ్చిమొహాన్ని. వస్తువు గది వేడికి వచ్చాకే కొలవాలని మీ రూళ్ళలోనే ఉందట. పిల్లని కాసేపు ఆగమంటే సరిపోయేది. ఒక్క మాట. “అమ్మా, అక్కడ వెయ్యి కాసేపు.” అంతే కదా ఖర్చు?

మీ కొట్లో కొనలేదు కాబట్టి చెప్పలేదు. అంతేనా కాదా?

బల్ల తుడుస్తారేం? ఇటు చూడండి.

ఆ వారమే, బుధవారం నాడు వెళ్ళి క్లబ్బులో పేరు రాయించుకున్నాను. ఎందుకంటే వెళ్ళి అరిస్తే ఏమవుతుంది? మీరు చక్కగా నవ్వి, జాకెట్లు కుట్టే ఆవిడకి మతి పోయింది అంటారు. అందరూ తలలూపుతారు. గోడ మీద అన్ని కప్పులున్న మనిషి మాట చెల్లుతుంది గానీ నా మాట చెల్లుతుందా? అందుకని ఆ కప్పుల మీదే కన్నేశాను. మిమ్మల్ని ఇంకెక్కడ కొట్టినా మీకు నొప్పి పుట్టదు.

ఇప్పుడర్థమైందా, రాణిగారు ఎందుకు వద్దో? రాణిగారితో గెలిచాననుకోండి, మీరు మర్నాడే షాపు ముందు బోర్డు కడతారు. “మా రైఫిలుతోనే గెలిచింది, కుట్టుపని చేసుకునే ఆవిడ కూడా గెలిచింది” అని. ఇంకో నలుగురు బళ్ళు అమ్ముకుంటారు. నా గెలుపు మీద మీరు వ్యాపారం చేసుకుంటారు. అంత పిచ్చిదాన్నా?

రెండో అరలోదానితో గెలుస్తాను. ముసలాళ్ళ దానితో, దుమ్ము పట్టినదానితో. ఈ ఆదివారం పోటీలో మీ పక్క వరసే నాకొచ్చింది, చీటీలు నిన్ననే తీశారు. రాణిగారి లాంటిదాన్నే భుజానికి పెట్టుకుని మీరు ఇటు పడుకుంటారు, తోలు ముక్కలు అతికించిన ముసలమ్మతో నేను అటు పడుకుంటాను. పొడుగాయన వెనక నిలబడి చూస్తాడు. అందరూ చూస్తారు. ఆ తర్వాత మీ కొట్టుకి జనం రావడం మొదలెడతారు చూడండి. కొనడానికి కాదు. “ఇది లేనిదే గెలవలేరన్నారే” అని అడగడానికి.

అమ్మనంటారా? అమ్మకండి. బయటికెళ్ళి అదే చెప్తాను, నాకు రెండో అరలోది అమ్మడానికి భయపడ్డాడు అని. పాడుచేసి ఇస్తారా? ఇప్పుడే నా ముందే బిగించారు, నా ముందే కాల్చారు, అట్ట నా సంచిలో ఉంది. ఎటు తిరిగినా గోడే. నాలుగేళ్ళు కూర్చుని కత్తిరించాను అన్నయ్యగారూ, ఎక్కడా వదులు ఉండదు.

ఏంటి?

ఇంకోసారి చెప్పండి.

రాణిగారిని ఊరికే ఇస్తారా? పైసా తీసుకోకుండా? అయ్యబాబోయ్! పొడుగాయన వినుంటే ఇక్కడే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. అంటే నేను గెలుస్తానని మీకూ అనిపించిందన్నమాట. లేకపోతే వ్యాపారస్తుడు అంత వస్తువు ఊరికే ఇస్తాడా? నవ్వొస్తోంది నాకు. ఈ షాపులో నవ్వుతానని అనుకోలేదు.

వద్దండీ. బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.

ఏమన్నారు? చిన్నగా అంటే వినపడదు నాకు, మిషను చప్పుడుకి ఓ చెవి పోయింది. గట్టిగా అనండి.

తప్పయిపోయిందా. క్షమించాలా.

చెల్లెమ్మా అని కూడా అంటున్నారే! ఆ రోజు ఈ చెల్లెమ్మ లేదా గదిలో? అప్పుడు గది నిండా జనం ఉన్నారు. ఇప్పుడెవరున్నారు? ఈ ఖాళీ షాపూ, ఈ ఇనప సామానూ. అక్కడ అన్న మాట ఇక్కడ తుడిస్తే పోతుందా?

మా చిన్నదానికి చెప్తారా? ఇంటికొచ్చి దాని ముందు ఒప్పుకుంటారా?

రాకండి. వచ్చినా లాభం లేదు. నిజం చెప్పేస్తాను, ఇంత దూరం వచ్చాక మీ దగ్గర దాపరికం ఎందుకు? దానికి అది పట్టనే లేదు. పిల్లలకి ఈత నేర్పుతోంది ఇప్పుడు, హాయిగా ఉంది. మొన్న మీ సంగతి ఎత్తితే “ఎవరమ్మా, ఆ మీసాలాయనా? ఇంకా ఆయన్ని పట్టుకుని వేలాడుతున్నావా?” అని నీళ్ళలోకి దూకేసింది. క్లబ్బులో అందరికీ మా అమ్మాయి కోసమే నేర్చుకుంటున్నానని చెప్పాను. మా ఆయనకీ అదే చెప్పాను. వినడానికి బాగుంటుంది కదా, తల్లి అంటే.

దాని కోసం కాదండీ. నా కుట్టు కోశారు. అందరి ముందూ నా కుట్టు కోశారు, అందుకు.

మీరు తప్పయిందంటే చల్లారిపోతానని అనుకునేదాన్ని. నాలుగేళ్ళూ ఆ ఒక్క మాట మీ నోటి నుంచి ఎలా వస్తుందో ఊహించుకున్నాను. ఏ గొంతుతో అంటారు, కళ్ళు ఎటు తిప్పుకుంటారు అని. ఇప్పుడు వచ్చింది. ఏం జరిగింది? ఏమీ జరగలేదు. లోపల ఎక్కడ మండుతోందో అక్కడే మండుతోంది. రేపు మీరు మైకు పట్టుకుని అందరి ముందూ చెప్పినా నేను ఆదివారం వస్తాను. కప్పు నాకిచ్చేసి పోటీలోంచి తప్పుకున్నా ఒప్పుకోను. ఓడించాలి మిమ్మల్ని. నా పక్కన పడుకుని ఓడిపోవాలి మీరు. నేను మంచిదాన్ని కాదేమో. కాకపోతే కాకపోయాను.

డబ్బు లెక్క చూసుకోండి. పెట్టె అక్కర్లేదు, సంచి నేనే కుట్టుకుని తెచ్చాను.

అదేంటి, ఆ తూటాల పెట్టె మూత కూడా పెట్టలేకపోతున్నారు, చేతులు వణుకుతున్నాయా? ఇలా ఇవ్వండి, నేను పెట్టుకుంటాను. ఇంటికెళ్ళి పడుకోండి కాసేపు. మందులేవైనా ఉంటే వేసుకోండి, వేళకి తినండి. ఆదివారానికల్లా ఆ వణుకు తగ్గిపోవాలి అన్నయ్యగారూ. మీ చెయ్యి వణికింది కాబట్టి నేను గెలిచానని ఒక్కడంటే ఒక్కడు అనకూడదు.